లై పెట్టి అతికించిన ఆల్బం

హనుమకొండలో నేను పుట్టకముందే పెట్టిన స్టాంపుల క్లబ్బు మాది. డెబ్బైలలో నేను చేరేనాటికి దాని ప్రెసిడెంటు ఒక బట్టల దుకాణం సేటు. ప్రతి ఆదివారం మీటింగుకు మైదాపిండి ఉడికించి చేసిన లై గిన్నెలో తెచ్చేవాడు. నిజాం కాలం స్టాంపైనా సరే, వెనక నిండా లై పూసి, ఆల్బంలో పెట్టి బొటనవేలితో గట్టిగా అదిమేవాడు. ఆ వేలును చూస్తే నాకు ఒళ్లు మండేది.

గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని, ఇంగ్లీషు పుస్తకం చదివి నేర్చుకున్నాను, స్టాంపు వెనక భాగం చెడితే దాని విలువ పోయినట్టేనని. హైదరాబాదు ప్రదర్శనకు క్లబ్బు ఆల్బం పంపాలనుకున్న ఏడు, కనీసం కొత్తవైనా అతికించవద్దని సేటును బతిమాలాను.

"వచ్చిండు లైబ్రరీ పంతులు!" అని నవ్వాడు.

"నవ్వులాట కాదు సేటూ. ఇట్లయితే మన ఆల్బంను లోపలికి గూడ రానియ్యరు."

ఆయన గొంతు తగ్గించాడు. "తమ్మీ, క్లబ్బు పెట్టిన కొత్తల స్టాంపులు లై లేకుండ ఉత్తగనే పెట్టేటోళ్లం. ఆల్బం నాలుగు చేతులు మారేసరికి మంచియన్ని మాయం. కూసున్నోళ్లంత దోస్తులే. ఎవని జేబు ఎతకాలె?"

ఆయన బాధ అర్థమైంది. కోపం మాత్రం తగ్గలేదు.

ఆల్బం అట్లాగే పంపాం. పోటీకి పనికిరాదని చీటీ పెట్టి తిప్పి పంపారు. క్లబ్బు పరువు పోయిందని నేను తల పట్టుకున్నాను. ఆయన మాత్రం పేజీలన్నీ ఒక్కొక్కటే తిప్పి చూసి, వెలిగిపోతున్న ముఖంతో నా భుజం తట్టాడు.

"హైదరాబాదు దాక పొయ్యొచ్చింది తమ్మీ! ఒక్కటన్న పోయిందా?"