కాఫీ తాగించి ఇచ్చిన ఇల్లు

1976 వేసవిలో నన్ను ఒమాన్‌లోని రూవి ఊళ్లో ఒక నిర్మాణ కంపెనీ స్టోర్స్ నుంచి వసతి విభాగానికి మార్చారు. హోదా అకామడేషన్ అసిస్టెంట్. విభాగం మొత్తానికి నేనొక్కడినే కాబట్టి కింద ఎవరూ లేరు. పైన మాత్రం మేనేజరు ఉన్నాడు.

పద్ధతి ఇది. ఇల్లు కావలసినవాళ్లకు కంపెనీ ముద్ర వేసిన చిట్టీ ఇచ్చేది. అది చూపిస్తే ఇంటి యజమానికి అద్దె నేరుగా కంపెనీయే కట్టేది. డబ్బుకు ఢోకా లేదు. అయినా చిట్టీ అనగానే యజమానులు తలుపు వేసుకునేవారు. చిట్టీలో నలుగురి పేర్లుంటే ఇంట్లో పద్నాలుగు మంది తేలేవారు మరి!

అప్పటికి కరీంనగర్ వైపు నుంచి వచ్చిన నలుగురు మేస్త్రీలు సైట్‌లో సిమెంటు బస్తాల షెడ్డులో పడుకుంటున్నారు. శుక్రవారంలోగా ఇల్లు దొరక్కపోతే వాళ్లను నా గదికే పంపిస్తానని మేనేజరు చెప్పాడు. నా గదిలో ఏసీ ఉంది. ఒమాన్‌లో నాకు దక్కిన ఏకైక వైభవం అదే. దాన్ని కాపాడుకోవడానికి ఎండలో ఊరంతా తిరిగాను.

చివరికి హమూద్ అనే పెద్దాయన మెత్తబడ్డాడు. హిందీ బాగా మాట్లాడేవాడు. చిట్టీని పక్కకు జరిపి, ముందు మనుషుల్ని కాఫీకి తీసుకురమ్మన్నాడు. పెద్దాయన ఏమిచ్చినా వద్దనకండని మేస్త్రీలకు దారిపొడవునా నూరిపోశాను.

వాళ్లు వద్దనలేదు. చెవి లేని చిన్న కప్పులో చేదు కాఫీ. తాగగానే ఆయన మళ్లీ పోసేవాడు. కూజా ఖాళీ అయితే లోపలినుంచి రెండోది వచ్చింది. వీళ్లు మర్యాదకు తాగుతున్నారు, ఆయన మర్యాదకు పోస్తున్నాడు, ఆపే నాథుడు లేడు. ఆఖరికి వాళ్లలో పెద్దవాడైన మల్లేశం కప్పు మీద అరచెయ్యి మూసి నావైపు తిరిగాడు.

"ఇల్లు పోతె పాయె సార్, ఇగ నాతోని గాదు. గుండె దడదడ కొట్టుకుంటాంది."

అతనేమన్నాడని హమూద్ అడిగితే చెప్పాను. ఆయన కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, చాలనుకుంటే ఖాళీ కప్పును అటూ ఇటూ ఊపి ఇవ్వాలని చేసి చూపించాడు. ఇంత మెత్తనివాళ్లు నా ఇంట్లో గొడవ చేయరంటూ తాళంచెవి చేతిలో పెట్టాడు. నేనూ అదే నమ్మాను.

గొడవ చేయలేదు, నిజమే. కాని నెల తిరక్కముందే మల్లేశం బావమరిది దిగాడు, అతని వెనకే అతని ఊరివాళ్లు. హమూద్ కబురు పంపితే పరుగెత్తాను. చెప్పులు మెట్లు దాటి వీధిలోకి వచ్చేశాయి. ఇదేమిటని మల్లేశాన్ని నిలదీశాను.

"ఊరోడు సంచి వట్టుకొని వాకిట్ల నిలవడితె పొమ్మని ఎట్లంట సార్?" అన్నాడు.

హమూద్ కోప్పడలేదు. కూర్చోబెట్టి నాకు కాఫీ పోశాడు, తనూ తాగాడు. తాగి, ఖాళీ కప్పును నా కళ్లముందు ఊపాడు.

చిట్టీలో పేర్లున్న నలుగురూ ఆ ఇంట్లోనే ఉన్నారు. మిగిలినవాళ్లు సంచులతో నా గది ముందు నిలబడ్డారు. పొమ్మనడం నాకూ చేతకాలేదు. ఆ వేసవంతా ఏసీ బాగానే పనిచేసింది గానీ, గుమ్మం దగ్గర పడుకున్న నాదాకా చల్లగాలి రాలేదు.

తర్వాత ఎన్నో ఏళ్లు అదే పని చేశాను. చిట్టీతో వచ్చినవాళ్లకు ఇల్లివ్వడానికి వెనకాడే యజమానులకు ఒకటే చెప్పేవాణ్ని. అద్దె సంగతి కంపెనీ చూసుకుంటుంది, వచ్చినవాడికి చాలు అనడం వచ్చో రాదో మీరు చూసుకోండి.