ఎవరి మగ్గానికి?

రెండు వేల ఒకటో సంవత్సరంలో బెంగళూరులో మా కంపెనీ నన్ను బెంచీ మీద కూర్చోబెట్టింది. కన్సల్టెంటుకు పని లేకపోతే అక్కడ అలా అంటారు. మూడు నెలలు రోజూ టై కట్టుకుని వెళ్లి, కాఫీ తాగి, అమెరికాలో మూతపడుతున్న కంపెనీల వార్తలు చదువుకుని వచ్చేవాణ్ణి. నాలుగో నెలలో ఆ బెంచీ కూడా లేదన్నారు. గార్లదిన్నె దగ్గర మా ఊరికి వచ్చేశాను. ఆ ఏడు శెనక్కాయ పంట కూడా ఎండిపోయింది కాబట్టి ఇంట్లో నన్ను ప్రత్యేకంగా ఎవరూ ఓదార్చలేదు. నాయన మాత్రం "కంపెనీలకూ కరువొస్తాదా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా ఎద్దులకు నీళ్లు పెట్టడానికి పోయాడు.

ధర్మవరంలో ఒక పట్టుచీరల సావుకారికి కంప్యూటర్ తెలిసిన మనిషి కావాలని విని వెళ్లాను. ఆయనకు నేసిపెట్టేవి నలభై మగ్గాలు, అన్నీ నేతగాళ్ల ఇళ్లలోనే ఉండేవి. చీరలు కదలడం లేదు. కొత్త డిజైన్లు త్వరత్వరగా దించితే తప్ప లాభం లేదని ఆయన నమ్మకం. అప్పటిదాకా డిజైన్లన్నీ ఒకే మనిషి గీసేవాడు. గళ్ల కాగితం మీద పెన్సిల్‌తో ఒక్కో గడీ నింపుకుంటూ పోతే డిజైను పూర్తవడానికి పదిహేను రోజులు పట్టేది. ఆ గళ్లను బట్టి అట్టలకు రంధ్రాలు కొట్టి మగ్గం మీద తగిలిస్తే, నేతలో ఆ బొమ్మ వస్తుంది.

"ఈ దినాల్లో ఇద్దర్ని పెట్టుకోలేనప్పా. ఆ మనిషి కావల్లనో, కంప్యూటర్ కావల్లనో, నువ్వే చూసి చెప్పు" అన్నాడు సావుకారి.

అంటే ఉండేది అతనో నేనో. తీర్పు చెప్పేది నేను. ఇంతకన్నా అన్యాయమైన పంచాయితీ నేను చూడలేదు. అయినా ఒప్పుకున్నాను. నాకు ఉద్యోగం కావాలి.

అతనికి యాభై దాటి ఉంటాయి. చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిల్ ఉండేది. నేను బెంగళూరు పద్ధతిలో నోట్‌బుక్ తెరిచి, డిజైన్ ఎలా మొదలుపెడతారో చెప్పమన్నాను.

"మొదులు, ఎవరి మగ్గానికి అని అడుగుతా" అన్నాడు.

"ఏ మగ్గానికైనా సరే అనుకో అన్నా. అప్పుడు?"

"ఏ మగ్గానికైనా అంటే యాడైతాదప్పా?" అని నవ్వాడు.

చాదస్తం అనుకున్నాను. ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకోలేదు. పదిహేను రోజుల పని కంప్యూటర్ మీద రెండు రోజుల్లో అవుతుందని సావుకారికి నివేదిక ఇచ్చాను. అది అబద్ధం కాదు. తర్వాతి వారం సావుకారి అతన్ని రావద్దన్నాడు. అతను స్కేళ్లూ పెన్సిళ్లూ ఒక సంచిలో వేసుకుని, పోతూ పోతూ నా దగ్గర ఆగి, "అట్టలకు చెమ్మ తగలనీయాకు" అని చెప్పి వెళ్లిపోయాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేదని అప్పుడే అనిపించింది.

నా మొదటి డిజైన్ హంసల కొంగు. ఒకే లెక్కన అట్టలు కొట్టించి పది ఇళ్లకు పంపాం. నెల తర్వాత చీరలు వచ్చాయి. సావుకారి వాటిని పరుపు మీద పరిచి, ఒక్కో కొంగునూ దగ్గరికి లాక్కుని చూశాడు.

"ఏమప్పా, నేను అడిగింది హంసలు గదా? ఈ కొంగలూ బాతులూ ఎట్లొచ్చినాయి?"

నిజంగానే ఒక చీరలో మెడలు కొంగల్లా సాగిపోయాయి. ఇంకోదాంట్లో హంసలు నేలకు అతుక్కుపోయాయి. సరిచేస్తానని చెప్పి రెండు రోజులు ప్రోగ్రామంతా వెతికాను. తప్పేమీ లేదు. చివరికి బాతులు నేసిన ఇంటికే వెళ్లాను.

"నాది గట్టి చెయ్యి" అంది మగ్గం మీదున్న ఆమె. "దెబ్బ గట్టిగా పడితే పోగులు ఒత్తుకుపోయి బొమ్మ కుంగిపోతాది. ఆ యన్నకు తెలుసు. నాకు గీసేటప్పుడు హంసను పొడుగ్గా గీస్తాండె."

ఎవరి మగ్గానికి? నేను రాసుకోని మాట అదే. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. సావుకారి దగ్గరికి వెళ్లి, ఆ మనిషి లేకపోతే పని జరగదని చెప్పాల్సింది. చెబితే నేను మళ్లీ ఇంటికి. చెప్పలేదు. నోట్‌బుక్ తీసుకుని అతని ఇంటికే వెళ్లాను.

తలుపు దగ్గర నుంచి తరిమేస్తాడనుకున్నాను. చాప వేశాడు. ఎందుకొచ్చానో చెప్పాను.

"చీర బాగలేదని ఎనక్కి కొడితే దెబ్బ పడేది నేసినోళ్ల మీద. రాసుకో" అన్నాడు.

సావుకారి జాబితాలోని నలభై ఇళ్లనూ వరుసగా చదివాను. అతని దగ్గర ఒక్క కాగితం లేదు, అంతా తలలోనే ఉంది. "వీధి మొగదల ఇల్లు, పన్నెండు గళ్లు ఎక్కువ పెట్టు. గుడి ఎనక ముసలాయనకు సత్తువ తగ్గుతాండాది, ఏడాదికి రెండు గళ్లు తగ్గిస్తా వస్తాండా. ఆ పక్కింట్లో కోడలు కడుపుతో ఉండాది, కానుపయ్యేదాకా తగ్గించే రాయి." ఈసారి ప్రతి మాటా రాసుకున్నాను. రాస్తున్నంతసేపూ, ఈ పట్టిక కంప్యూటర్‌లోకి ఎక్కాక సావుకారికి ఇతని అవసరం ఎప్పటికీ ఉండదని నాకు తెలుసు. అతనికీ తెలుసనే అనుకుంటాను.

ముప్పై తొమ్మిది అయ్యాయి.

"ఇంకోటి మీదే గదన్నా. వదిన నేస్తాది గదా, ఆమె చెయ్యి ఎట్లాంటిది?"

అతను గదిలో ఓ మూలకు చూశాడు. మగ్గం గుంట మీద చెక్కలు పరిచి, పైన బియ్యం మూట పెట్టి ఉంది.

"అది రాయాకప్పా" అన్నాడు. "మొన్ననే మగ్గం అమ్మేసినాము."

మర్నాడు పట్టికంతా కంప్యూటర్‌లో ఎక్కించాను. నలభయ్యో వరుస ఖాళీగా వదిలేశాను. ఖాళీ వరుస దగ్గర ప్రోగ్రాం ఆగిపోయింది. దాన్ని తీసేశాక బాగా నడిచింది.