వావిలాకు నూనెకు పత్యం

నా చిన్నప్పుడు సూరత్‌లో మా ఒంటిగది ఖోలీల వరుసలో ఉన్న మగవాళ్లంత మూర్ఖులను నేను మళ్లీ చూడలేదు. వాళ్లలో మొదటివాడు మా నాయన. కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఊరి శివార్లలోని పల్సానాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాళ్లు. పాలీ, అంటే షిఫ్టు, మొత్తం మగ్గం ముందు నిలబడీ నిలబడీ పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బి మెలికలు తిరిగేవి. మా నాయనకు చీలమండ దగ్గర చర్మం నల్లబడి, చివరికి పుండు పడింది. నిలబడలేనివాడికి సాంచా లేదని సేఠ్ చెప్పేశాడు. అది పోతే మా పొయ్యి వెలగదు.

సర్కారు దవాఖానాలో డాక్టరు పుండుకు కట్టు కట్టి, ఇంటికి రాగానే కాళ్లు ఎత్తున పెట్టుకొని పడుకోమన్నాడు. పిక్కలకు గుడ్డ చుట్టుకోమన్నాడు. సాంచా దగ్గర ఒకేచోట నిలబడకుండా అటూ ఇటూ నడవమన్నాడు. మా నాయన ఇంటికొచ్చి అందరి ముందూ నవ్వాడు.

"గాయన డాక్టరా? సూది లేదు, గోలీ లేదు. కాళ్లు మీదికి పెట్టుకోవాల్నట! గబ్బిలమనుకున్నడా నన్ను?"

వరుసంతా పగలబడి నవ్వింది. నవ్విన వాళ్లలో సగం మంది కాళ్ల మీద అవే నరాలు.

మా నాయనమ్మ నవ్వలేదు. మరునాడు కంచె దగ్గర వావిలాకు తెంపుకొచ్చి నువ్వుల నూనెలో కాచింది. నరాల నొప్పులకు వావిలాకు మంచిదని మా వైపు ఎవరిని అడిగినా చెబుతారు. సీసా కొడుకు ముందు పెట్టి, ముఖం గంభీరంగా చేసుకుంది.

"మా తల్లిగారింటి మందు ఇది. పుండుకు తాకియ్యద్దు, పిక్కలకే రాయాలె. పత్యం మస్తు కఠినం. నీతోని కాదు తియ్యి."

"నాతోని ఎందుకు కాదే? చెప్పు జర."

"నూనె ఇంకేదాక కాళ్లు గోడకానిచ్చి పండాలె. నడుమల దించినవా, మందు ఇరుగుతది. పొద్దున లేవంగనే చీర పేలిక సుట్టాలె. సాంచ తాన ఒక్కకాడనే నిలవడితె నూనె గడ్డ కడ్తది."

డాక్టరును వెక్కిరించిన మనిషి ఆ పత్యాన్ని మొక్కులా పాటించాడు. సలహా అంటే మనవాళ్లకు చులకన, పత్యం అంటే భయం. కొన్నాళ్లకు వరుసలో అందరూ నూనె అడిగి పట్టుకుపోయారు. సాయంత్రం ఏ ఖోలీలోకి తొంగిచూసినా గోడ మీద జిడ్డు మడమల ముద్రలే.

ఒకరోజు వావిలాకు దొరకలేదు. నాయనమ్మ పప్పు కోసం తెచ్చిన కరివేపాకు తీసి నూనెలో పడేసింది. నేను నోరు తెరవబోతే నెత్తిన మొట్టింది.

"ఏ ఆకైతేందిరా? నీ అయ్య కాళ్లు గోడకెక్కాలె, గంతే."

ఆ సాయంత్రం మా నాయన గోడకు కాళ్లానించి, కళ్లు మూసుకొని అన్నాడు: "ఇయ్యాల మందు జర ఘాటుగున్నదే అమ్మా. సీద నరాల్లకే పోతున్నది."

దవాఖానాలో కట్టు మార్పించుకుంటూ ఉండగా పుండు మెల్లగా మానింది. ఉబ్బిన నరాలు పోలేదు గానీ వాపు తగ్గింది. సాంచా పని దక్కింది.

ఇప్పుడు మా చిన్నాయన కొడుకు ఆ నూనెను సీసాల్లో నింపి, మూసుకుపోయిన నరాలు తెరుచుకుంటాయని ఫోన్లలో వీడియోలు పెడుతున్నాడు. వాడికి సిగ్గు లేదు. నాకైనా ఉండవలసింది. ఒక వీడియోలో కూర్చొని మా నాయన కథ చెప్పింది నేనే. గోడ సంగతి చెబితే జనం నవ్వుతారని వాడంటే, ఊరుకున్నాను.

మొన్న రింగ్ రోడ్డులో నేను పనిచేసే చీరల కొట్టుకు ఒక సాంచాల పిల్లగాడు వెతుక్కుంటూ వచ్చాడు. "కాకా, వీడియోల నీ ముచ్చట ఇని సీసలకు సీసలు రాసిన. గిది చూడు," అని ప్యాంటు పైకి లాగాడు. చీలమండ దగ్గర పుండు. అచ్చం మా నాయనదే.

దవాఖానాకు తీసుకుపోయాను. డాక్టరు కట్టు కట్టి ఆ పాత మాటలే చెప్పాడు. బయటికి రాగానే వాడు పెదవి విరిచాడు. "గింతేనా కాకా? కాళ్లు మీదికి పెట్టుకుంటే తక్కువైతదా?"

ఒళ్లు మండింది. నాలుగు తిట్లు నోటిదాకా వచ్చాయి. మూర్ఖులంటే నాకు ఈనాటికీ ఏవగింపే. నాయనమ్మకు ఆ ఏవగింపు లేదు. ఉండి ఉంటే మా నాయనకు కాలు ఉండేది కాదు. ఆమె నుంచి నాకు మిగిలింది ఒక్క మాటే. తిట్లు మింగి, ఆ మాటే అన్నాను.

"నూనెకు పత్యం ఉన్నది బిడ్డా, నేనే చెప్పలె. మస్తు కఠినం. నీతోని కాదు తియ్యి."

వాడు ఆగి, నా వైపు తిరిగాడు.

"నాతోని ఎందుకు కాదు? చెప్పు కాకా."