కుందేళ్ల గదిలో మా మేనమామ

మా మేనమామ పోయాడన్న కబురు నాకు పటాన్‌చెరు బస్టాండులో అందింది. డ్యూటీకి బయలుదేరబోతూ గడపలోనే కూలబడ్డాడట. కబురు తెచ్చిన మనిషి వెళ్లిపోయాక చూసుకుంటే నా చేతిలో ఇంకా పంచని కరపత్రాలున్నాయి. మూగజీవాల మీద మందుల పరీక్షలు ఆపాలని వాటిలో రాసింది నేనే. ఎవరి ఉద్యోగం చూసి రాశానో ఆయనే ఇక లేడు.

బొల్లారం దిక్కున ఒక మందుల కంపెనీలో మామ కుందేళ్ల గది చూసుకునేవాడు. ఇంజక్షను మందు తయారైన ప్రతిసారీ కొంచెం కుందేలు చెవి నరంలోకి ఎక్కించి, దానికి జ్వరం వస్తుందేమో చూస్తారు. వస్తే ఆ మందు పనికిరాదు. అయితే కుందేలు బెదిరినా ఒళ్లు వేడెక్కుతుంది. అప్పుడు పరీక్ష చెడిపోయి మళ్లీ చేయాలి. అందుకని అవి బెదరకుండా చూడడమే మామ పని. గదిలోకి పోయే ముందు బీడీ తాగేవాడు కాదు. చెప్పులు బయటే విడిచి, చర్చి పాట ఒకటి గొంతులోనే అనుకుంటూ ఒక్కొక్కదాన్నీ నిమిరేవాడు.

అది తలచుకుంటేనే నాకు మండేది. ఒక ఆదివారం ప్రార్థన చేసి అన్నానికి కూర్చున్నప్పుడు అనేశాను.

"నీ ప్రేమను గూడ కంపెనోళ్లు పనిముట్టు చేసుకున్నరు మామా. రాజీనామా ఇయ్యి."

"ఇస్త తియ్. సూది బందయితదా?"

"కాదు. నీ చెయ్యన్న సాఫ్ ఉంటది."

"నా చెయ్యి సాఫ్ జేసుకునుడు దేనికిరా అల్లుడా. ఆ కుందేళ్లకు నా చెయ్యి గావాలె గని."

"ఇద్దరు ముందుగాల తినుండ్రి. కూర సల్లారితే నేనిస్త రాజీనామా" అంది అత్తమ్మ.

నేను రాసినవన్నీ మామ నాతోనే చదివించుకుని వినేవాడు. "అక్షరం మంచిగున్నది" అనేవాడు. విషయం ఎత్తేవాడు కాదు. మా అమ్మకు వాంతులై గ్లూకోజు సీసా ఎక్కించిన రోజు, "మామా, ఇది పరీక్ష చేసిందేనా?" అని నా నోటి నుంచే వచ్చింది. మామ తల ఊపాడు. ఎగతాళి చేయలేదు. చేసి ఉంటే నాకు సులువుగా ఉండేది.

సమాధి చేసి వచ్చిన కొన్నాళ్లకు, ఆయన జాగాలో చేరిన కొత్తాయన ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"కుందేళ్లు నన్ను జూస్తెనే అదురుతున్నయమ్మా. జ్వరమో భయమో తెల్వక మళ్ల మళ్ల సూది పొడువవట్టె. ఆయన డ్యూటీకి తొడిగిన అంగి ఉంటె ఇయ్యుండ్రి. వాసన వడితె నిమ్మళంగ ఉంటయేమో."

అత్తమ్మ ఆ చొక్కాను ఇంకా ఉతకలేదు. తెచ్చి ఒళ్లో పెట్టుకుని నా వైపు చూసింది. "గిన్ని సదువుతవు గద. ఇయ్యాల్నా, వద్దా?"

ఇస్తే నేను వద్దన్న పరీక్ష సాఫీగా సాగుతుంది. ఇవ్వకుంటే ఆ కుందేళ్లకే ఇంకో పోటు. అత్తమ్మకేమో ఆయన వాసన మిగిలింది ఆ ఒక్క గుడ్డలోనే. నా కరపత్రంలో దీనికి జవాబు లేదు. రాసింది నేనే కాబట్టి వెతకనక్కర లేకపోయింది.

"ఇయ్యి అత్తమ్మా" అన్నాను. అత్తమ్మ చొక్కాను మడిచి కొత్తాయన చేతిలో పెట్టింది.

కొత్తాయన వెంట నేనూ పోయాను. మామ మీది గౌరవంతో వాచ్‌మన్ నన్నూ లోపలికి వదిలాడు. కొత్తాయన చొక్కా తొడుక్కున్నాడు. మనిషి పొట్టి, చొక్కా చేతులు వేళ్లను దాటి వేలాడాయి. అలాగే ఒక పంజరంలోకి చెయ్యి పెట్టాడు. తెల్ల కుందేలు ఒకటి మూలకు జరిగి, ఆగి, ముక్కు ఆడించింది. తర్వాత మెల్లగా వచ్చి, లోపల ఎవరున్నారో చూద్దామన్నట్టు ఆ చొక్కా చేతిలోకి మూతి దూర్చి కదలకుండా ఉండిపోయింది. చెవులు మాత్రం బయటే ఉన్నాయి.