పెళ్ళిపిలుపుకు దొంగజ్వరం

ఆ రోజుల్లో పనివాడికి జబ్బు చేస్తే సెలవు దొరికేది, చస్తే తప్పకుండా దొరికేది. దేవుడి పనంటే మాత్రం దొరికేది కాదు. నేను నంద్యాలలో ఒక బియ్యం మిల్లులో కాటా దగ్గర గుమాస్తాగా కొత్తగా కుదిరాను. (మా వంశంలో నెలజీతం ముఖం చూసిన మొదటివాణ్ణి నేనే. మా నాయన ఆ సంగతి ఆళ్లగడ్డ దాకా చాటాడు.) మాది ఆళ్లగడ్డ పక్క పల్లె. అహోబిలం నరసింహస్వామి తన పెళ్ళికి రమ్మని పల్లకీలో ఊరూరా తిరిగి స్వయంగా పిలుస్తాడు గదా, ఆ ఏడు మా ఊరికి శుక్రవారం వస్తున్నాడని కబురొచ్చింది. పిలవడానికి దేవుడే గడప దాకా వస్తే ఇంటి పెద్దకొడుకు లేకపోవడమా! మా అమ్మ ఊరుకుంటుందా?

షావుకారును సెలవడిగాను. ఇదే సందని మిల్లు ఇంజను నడిపే సాయిబు, మేమంతా మామా అని పిలిచే పెద్దాయన, శుక్రవారాలు నమాజుకు ఒక గంట వదలమని ఎప్పటిలాగే అడిగాడు. షావుకారు ఇద్దరికీ ఒకే మాటతో సరిపెట్టాడు. "మిల్లుకు ఏ దేవుడూ లేడప్పా. రానోడు మళ్ళా రావద్దు." తనకు మాత్రం ఆ శుక్రవారం కర్నూలులో కోర్టు పని ఉందన్నాడు.

నేను దిగాలుపడి కూర్చుంటే మామ నవ్వాడు. "స్వామి పిలుస్తాంటే పోకుంటే ఎట్లబ్బీ? నీకు జొరమని నేను చెప్తాలే, పో." గురువారం సాయంత్రమే షావుకారు చెవిన వేశాడు కూడా. (తన నమాజుకే దిక్కులేదు, నా స్వామికి పూచీ పడ్డాడు మహానుభావుడు!)

తెల్లారి బస్సు పైన మూటల మధ్య కూర్చుని ఊరు చేరాను. మేళాలు, టెంకాయలు, తోపులాట, అబ్బ, నా సంబరం చెప్పనలవి కాదు! జనాన్ని తోసుకుంటూ పల్లకీ ముందుకు పోయి తల వంచాను. శఠారి నా తలమీద పెట్టి, పక్కనున్న తలమీద పెట్టారు. ఆ తల పైకి లేస్తే, మా షావుకారు! ఉద్యోగం ఊడిందనుకున్నాను, నాయన ముఖం కళ్ళముందు కదిలింది.

"జొరమంటివి గదప్పా?" అన్నాడాయన మెల్లగా.

"కర్నూలంటిరి గదయ్యా?" నోరు జారిపోయింది.

ఆయన అటూ ఇటూ చూసి, "మా ఇంటిదాని మొక్కప్పా. మిల్లులో అనొద్దు" అన్నాడు. నాకు ఏ పూనకం వచ్చిందో మరి, "అనను గానీ, మామను శుక్రవారం నమాజుకు వదలండయ్యా" అన్నాను. స్వామి ఎదుట కాదనలేక తల ఊపాడు.

మరుసటి శుక్రవారం మధ్యాహ్నం ఇంజను ఆగింది. మామ టోపీ సర్దుకుంటూ మసీదుకు పోతుంటే, మిల్లు నేనే కొన్నట్టు ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. తీరా చూస్తే నా సెలవు సంగతి అడగడమే మరిచిపోయాను! మరుసటి ఏడూ మళ్ళీ జ్వరం తెచ్చుకోక తప్పలేదు. ఆ ఏడూ షావుకారుకు కర్నూలులో పని పడింది.

ఇప్పుడు నాకు రోజూ సెలవే. స్వామి ఏటా వస్తాడు, శఠారి పెట్టించుకుంటాను, తల ఎత్తగానే ఇప్పటికీ పక్కకు చూస్తాను. భయపడాల్సినవాళ్ళెవరూ ఉండరు. అదేమిటో, కాస్త వెలితిగానే ఉంటుంది.