నా దయ్యానికి చెయ్యి నొప్పి పుట్టింది

నా దయ్యం కథను సినిమాగా తీస్తారన్న కబురు మొదట తెచ్చింది మా పైవాటా అక్క. కృష్ణానగర్‌లో మేము కింద, ఆవిడ మేడమీద గదిలో. ఆవిడ జూనియర్ ఆర్టిస్టు. పెళ్ళిపందిరి, ఊరేగింపు, వరద... సినిమాలో గుంపు ఎక్కడ కావాలంటే అక్కడ ఉంటుంది. ఆ పొద్దున నేను కాఫీ గ్లాసు ముందు పెట్టుకుని కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పుకుంటుంటే, మెట్లు దిగుతూనే కేకేసింది.

"ఓ చెల్లే! కండ్లు తెరువు! నీ దయ్యానికి ఛాన్స్ వచ్చింది!"

నేను "ఆమేన్" అన్నాను. అలవాటు.

నేను రాసిన పాతకాలపు ప్రేమకథలు పుస్తకంగా అచ్చయ్యాయి. ప్రతి కథలోనూ ఒక కోట, ఒక ఎడబాటు, ఒక దయ్యం. పుస్తకాలు చాలావరకు మా మంచం కిందే భద్రంగా ఉన్నాయి. అక్క అందులో ఒకటి షూటింగుకు పట్టుకెళ్ళి, లైటింగు ఆలస్యమైన పూట ఒక కొత్త డైరెక్టరు చేతిలో పెట్టిందట. పాపం, అతనికి అక్కడ చదవడానికి వేరే ఏమీ దొరకలేదు.

నా రాత సంగతి కొంచెం చెప్పాలి. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నన్ను బడికి పంపలేదు. గుంటూరు వైపు నుంచి వచ్చిన మా అమ్మ ఇంట్లోనే చదువు చెప్పింది. అమ్మ దగ్గరున్న పాఠ్యపుస్తకం బైబిలు ఒక్కటే. గుణింతాలూ అందులోంచే, ఒత్తులూ అందులోంచే. దేవునికి వందనాలు, అంతకంటే మంచి బడి నాకు దొరికేది కాదు. కాకపోతే దాని ఫలితం నా కథల్లోని గోల్కొండ రౌతు అనుభవించాడు. గుర్రం దిగి ప్రియురాలిని చూడగానే "ఇదిగో, నేను వచ్చియున్నాను" అంటాడు. ఆమె "నిశ్చయముగా" అంటుంది. ముద్దు పెట్టుకునే చోటు రాగానే నాకు మా పాస్టరుగారు గుర్తొచ్చి పేరా మార్చేస్తాను. ఇక నా దయ్యాలు తలుపు తట్టి, అనుమతి అడిగి లోపలికొస్తాయి. చదివి భయపడ్డామని ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. నిద్ర బాగా పట్టిందని మా సంఘంలో ఒకావిడ చెప్పింది. ఆవిడకూ కృతజ్ఞతలే.

ఫిల్మ్‌నగర్‌లో ఆఫీసుకు వెళ్తే డైరెక్టరు లేచి నిలబడ్డాడు.

"మేడం, ఆ పీరియడ్ లాంగ్వేజ్ ఎలా పట్టుకున్నారండీ? ఎంత రీసెర్చ్ చేశారో!"

"అంతా దేవుని దయండీ" అన్నాను. అబద్ధం కాదు గదా.

అతనికి నచ్చిన కథలో, కోట దర్వాజా దగ్గర దివిటీ పట్టే పిల్ల యుద్ధానికెళ్ళిన రౌతు కోసం చూసి చూసి చచ్చిపోతుంది. చచ్చాక కూడా అక్కడే నిలబడి, అతనితో పాటే ముసలిదవుతుంది.

"మామూలుగా దయ్యాలకు వయసు రాదు కదండీ?" అన్నాడు.

"రాదా?" అన్నాను. నాకు నిజంగా తెలియదు.

"బ్యూటిఫుల్ మేడం! ఇలా ఎవరూ ఆలోచించలేదు."

అలా నా అజ్ఞానం పుణ్యమా అని ఆ దయ్యానికి నడివయసు దాటిన మనిషి కావలసివచ్చింది. నేను అక్క పేరు చెప్పాను. సరేనన్నాడు.

ఆ సాయంత్రం అక్క మా గుమ్మంలో కూచుంది. ఎప్పుడూ నవ్వే మనిషి ఆ పూట నవ్వలేదు.

"దయ్యంతోని జర ఒక్క మాటన్న మాట్లాడిపియ్యి చెల్లే. బోరబండల మా అమ్మకు కండ్లు పోయినయి. ఇదివరకైతే టీవీల 'గా ఎర్రచీర నువ్వే గదా బిడ్డా' అని గుంపులకెల్లి ఏరుకుంటుండె. ఇప్పుడు గొంతు ఇనపడ్తేనే నేనున్నట్టు."

నా కథలో దయ్యం మూగది. దయ్యం చేత ఏం మాట్లాడిస్తే ఏం పాపమోనని నోరు లేకుండా రాశాను. అక్క కోసం ప్రార్థించి, చెమటోడ్చి, మాట రాశాను: "ప్రియుడా, నీవు మరల వచ్చియున్నావు గనుక నేను మిక్కిలి కృతజ్ఞురాలనై యున్నాను."

అక్క చదివి నావైపు చూసింది. "దయ్యమా, పాస్టరమ్మనా?" అంది. అయినా పాపం, చపాతీలు వత్తుతూ కూడా వల్లె వేసింది.

షూటింగు రోజు సెట్టు లోపల ప్లైవుడ్ కోట, మిట్టమధ్యాహ్నమే చీకటి చేశారు. అక్క చేతికి బరువైన ఇనప దివిటీ ఇచ్చారు. టేకు మీద టేకు. ప్రతిసారీ "మిక్కిలి" దాకా వచ్చి ఆగిపోయేది. అటుపక్క రౌతు వేషం వేసిన పెద్దాయన మీసం కింద చెమటలు.

"మేడం, దయ్యం థాంక్స్ చెప్పడం అవసరమా?" అన్నాడు డైరెక్టరు.

"చెప్పకపోతే బాగుండదండీ" అన్నాను.

అతను నిట్టూర్చాడు. "డైలాగ్ తీసేద్దాం. చూపు చాలు. లాస్ట్ టేక్!"

అక్క ముఖం చూడలేక కళ్ళు మూసుకున్నాను. ప్రభువా, నా కృతజ్ఞత ఆమె నోటికి అడ్డం పడింది, క్షమించు అనుకున్నాను. యాక్షన్ అన్నారు. గుర్రపు డెక్కల చప్పుడు వేశారు. పెద్దాయన అడుగులు దగ్గరికొచ్చి ఆగాయి. అప్పుడు వినపడింది అక్క గొంతు, అలిసిపోయి, మెల్లగా.

"వస్తివా? జర ఈ దివిటీ పట్టు. చెయ్యి గుంజుతున్నది."

కళ్ళు తెరిచేసరికి పెద్దాయన దివిటీ అందుకుంటున్నాడు. ఎవరూ నవ్వలేదు. డైరెక్టరు కట్ చెప్పడం మరిచిపోయాడు.

చనిపోయిన మనిషి వేషం వేసినవాళ్ళను, ఆ అశుభం పోవాలని, చివర్న కెమెరా వైపు చూసి నవ్వమంటారు. అక్క వరదల్లో, మంటల్లో ఎన్నోసార్లు చచ్చింది గానీ గుంపులో చచ్చేవాళ్ళను నవ్వమని ఎవరడుగుతారు? ఆ రోజు అడిగారు. అక్క నవ్వింది.

కొన్నాళ్ళకు డైరెక్టరు ఫోన్ చేశాడు. "ఆ లైన్ ఉంచుతున్నానండీ. వాయిస్ మాత్రం డబ్బింగ్ ఆర్టిస్టుతో చెప్పిస్తాను."

కూరగాయల బండి దగ్గర కూడా గొంతు పెంచని దాన్ని, "ఆ గొంతు తీసేస్తే నా పేరూ తీసేయండి" అనేశాను. అనేశాక గానీ తట్టలేదు, అలాగేనంటే ఏం గతి అని.

"టైటిల్స్ అయిపోయాయి మేడం. మళ్ళీ చేయించాలంటే తలనొప్పి. ఆ గొంతే ఉంచేస్తాలెండి."

నా జీవితంలో గెలిచిన ఒకే ఒక్క పోరాటం అవతలివాళ్ళ బద్ధకం వల్ల గెలిచాను. దానికీ స్తోత్రమే.

సినిమా వచ్చాక బోరబండ వెళ్ళాం. అక్క ఫోన్‌లో సినిమా పెట్టి వాళ్ళమ్మ చెవి దగ్గర ఉంచింది. ఆ మాట రాగానే ముసలమ్మ తల ఎత్తింది.

"నా బిడ్డే! గిది ఎప్పుడూ గింతే. చేతుల ఏమున్నా పక్కోనికి అంటగడ్తది."

అక్క ఎంత నవ్విందో, అంత ఏడ్చింది.

ఇప్పుడు మా సంఘంలో కనబడినవాళ్ళంతా "దివిటీ మాట భలే రాశారమ్మా" అంటున్నారు. నేను రాయలేదంటే, ఎంత వినయమోనని ఇంకా పొగుడుతున్నారు. తెరమీద 'మాటలు' అని నా పేరే పడుతుంది మరి. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఆ సినిమా ఎప్పుడైనా చూస్తే, ఆ మాట దగ్గర నా పేరు మరిచిపోండి. చెయ్యి గుంజుతున్నా దివిటీ దించని మా పైవాటా అక్కను ఒక్కసారి తలుచుకోండి.