నెల దినాల పరపతి

ఆ మెస్సులో మన పరపతిని రూపాయల్లో కొలిచేవాళ్లు కాదు, దినాల్లో కొలిచేవాళ్లు. తమిళనాడులోని ధర్మపురి బస్టాండు వెనక సందులో ఉండేది అది. డబ్బు కట్టకుండా ఎన్ని దినాలు తినవచ్చో అదే అక్కడ మనిషి విలువ. నేను కాలేజీలో చేరిన ఏడు నాకు దక్కింది మూడు దినాలు. నా పక్కన కూర్చునే కోర్టు గుమాస్తాకు నెల. ఆయన అడగకుండానే అరిటాకులో రెండో అప్పళం పడేది.

మాది హరూరు అవతల గొర్రెలు మేపుకునే కుటుంబం. పొట్టేళ్లు అమ్మినప్పుడే మా నాయన చేతిలో డబ్బు ఆడేది. ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్పు దానికి బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది. ఈ రెంటి మధ్యా నేను తిని చదవాలంటే ఆ మూడు దినాలు ఎలాగైనా నెల కావాలి.

గడువుకు ముందే, పైసా మిగల్చకుండా కడితే నమ్మకం పెరుగుతుందనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు. మొదటి ఏడంతా అలాగే కట్టాను. మూడు దినాలు మూడు దినాలుగానే ఉండిపోయాయి. విసుగెత్తి యజమానినే అడిగాను. ఆయనదీ ఇంట్లో తెలుగే.

"అన్నా, ఒక్క దినమైనా ఆలస్యం చేసినానా? ఇంకా మూడు దినాలేనా?"

"నువ్వు కట్టేది చూస్తే రేపే ఊరు విడిచి పోయేవాడి మాదిరి ఉండాదప్పా," అన్నాడాయన సాంబారు బకెట్టు కింద పెట్టి. "ముగించేసి పోయేవాడికి నేనేం పెంచేది?"

అక్కడి పద్ధతి అదట. మొత్తం కట్టేస్తే లెక్క ముగిసినట్టు, మనిషి పోయినట్టు. ఒక భోజనం బాకీ ఉంచి కట్టాలి, మళ్లీ వస్తాననడానికి అదే గుర్తు. మెస్సులో అందరికీ తెలిసిన ఈ సంగతి ఒక్కడూ నోరు తెరిచి నాకు చెప్పలేదు. అప్పటినుంచి ఒక భోజనం మిగిల్చి కట్టాను. మూడు దినాలు వారమైంది, వారం పక్షమైంది, ఆఖరి ఏట నెల అయింది. గోడకు తగిలించిన నల్లపలక మీద గుమాస్తా బాకీ గీతల పక్కనే నా గీతలు. రెండో అప్పళం నాకూ వచ్చింది.

ఆఖరి పరీక్షలు వారంలో మొదలవుతాయనగా మా నాయన వచ్చాడు. హరూరు సంతలో పొట్టేళ్లు అమ్మి, మేత బీడు గుత్తకు కట్టి, మిగిలింది పంచె కొంగున ముడివేసుకుని నేరుగా మెస్సుకే వచ్చాడు. మా వాళ్లలో ఒక పట్టింపు ఉంది. జీవాలు అమ్మిన డబ్బు ఇల్లు చేరేలోపు తిండి బాకీ తీర్చాలి. అన్నం బాకీ ఉన్న ఇంటి మందకు రోగం తగులుతుందని నమ్మకం.

నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది. పలక మీద నా చోటును తడిగుడ్డతో తుడిచేశారు. ఆ తడి ఇంకా ఆరలేదు.

"ఒక్క పూటది కూడా నిలపలేదు," అన్నాడు నాయన తృప్తిగా. "ఒకటి ఉండనీ అన్నాడాయన. నేను ఒప్పుకోలే."

"నాయనా, రేపట్నుంచి నాకు మూడు దినాలే."

"ఏమిటికి? కట్టినాము కదా."

"కట్టినందుకే."

చదివిన కొద్దీ వీడికి మతి పోతోందన్నట్టు చూశాడు. పరీక్షలు నెలంతా ఉన్నాయి. స్కాలర్‌షిప్పు జాడ లేదు. ఆయన ముడిలో మిగిలింది బస్సు ఛార్జీ. మా ఊరినుంచి పరీక్ష వేళకు అందే బస్సు లేదు. మూడు దినాలు తిని, పెట్టె సర్దుకుని ఇంటికి పోవడం తప్ప నాకు దారి లేదు.

యజమానిని బతిమాలాను. ఆయనకు కోపమైనా రాలేదు, అందుకు నాకు ఇంకా ఒళ్లు మండింది.

"నేను తోసేసినానా? మీ నాయనే తెంచినాడు. ఆయన్నే ముడెయ్యమను." నాయన వైపు తిరిగాడు. "కూర్చో అన్నా, ఒక ఆకు భోజనం తిను. డబ్బు వద్దు, పలక మీద గీస్తాను. వీడి నెల వీడికి వస్తుంది."

"అప్పుకు తినను సామీ. మా అబ్బ తినలేదు, నేను తినలేదు."

"నీ కొడుకు మూడేండ్లుగా తింటా ఉండాడే."

"వాడు చదువుకొన్నోడు. వాడికి సిగ్గు లేదు."

"నాయనా, నువ్వు తినకపోతే నేను పరీక్ష రాసేది లేదు," అన్నాను. "ఇంకో ఏడు ఈడనే ఉంటా. ఇంకో ఏడు తిండి."

ఆ మాటకు కూర్చున్నాడు. తల ఎత్తకుండా తిన్నాడు. మజ్జిగ వద్దన్నాడు. యజమాని సుద్దతో నా చోట ఒక గీత గీశాడు. నాయన దానివైపు చూడకుండా బస్సెక్కాడు.

గండం గడిచిందనుకున్నాను. రెండో పరీక్షనాడు హరూరు బస్సు కండక్టరు గుడ్డముక్కలో కట్టిన చిల్లరతో మెస్సుకు వచ్చాడు.

"మీ నాయన తిన్న భోజనానిది. మెస్సాయన చేతికే ఇయ్యమన్నాడు. నీ చేతికి వద్దన్నాడు."

యజమాని ముట్టుకోలేదు. "తిన్నోడే వచ్చి ఇయ్యాల."

మూట హరూరు పోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ పోయింది. "ఇంగ దీనికి టికెట్టు కొట్టాల్సిందే," అన్నాడు కండక్టరు. నేను చరిత్ర పేపరు రాస్తూ, మూట ఇప్పుడు ఏ ఊళ్లో ఉందా అని ఆలోచిస్తున్నాను. ఎప్పుడైనా యజమాని మెత్తబడి దాన్ని తీసుకుంటే నా గతేమిటి? ఒకనాడు మూటతోపాటు కబురూ వచ్చింది.

"ఒక గొర్రె దగ్గుతా ఉండాదంట. నీ పరీక్షలు ఎప్పుడు ముగుస్తాయని అడగమన్నాడు."

ముగిసిన రోజున నాయనే మూట పట్టుకుని వచ్చాడు.

"ఇప్పుడైనా తీసుకో సామీ."

"తిను, తీసుకుంటా."

ఈసారి ఆకులో రెండో అప్పళం వేశారు. ఆయన తిని లేచాక యజమాని మూట విప్పి, పాత భోజనానికి డబ్బు తీసుకున్నాడు, పాత గీత తుడిచాడు, దాని చోట కొత్త గీత గీశాడు. నాయన చాలాసేపు పలకనే చూస్తూ నిలబడ్డాడు.

ఇద్దరం హరూరు బస్సెక్కాం. బస్సు దిగబోతూ అన్నాడు.

"ఆ గొర్రెను అమ్మేస్తా."

"దగ్గు తగ్గిందంటివి కదా నాయనా."

"తగ్గింది. ఇంగా ఒక భోజనం బాకీ ఉండాది కదా."